రెక్క మీది జిగురు

ఎడమ రెక్క మీద రంగు లేచిపోవడానికి కారణం మేస్త్రి కాదు, నేను. ఆ మాట అప్పుడే చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు.

ముత్తుకూరు రోడ్డులో విమానాల మరమ్మతు నేర్పే ఒక ప్రైవేటు సంస్థలో నేను షెడ్డు చూసుకునేవాణ్ణి. పిల్లలకు చూపించడానికి అక్కడ రెండు సీట్ల పాత విమానం ఒకటి ఉండేది. అది ఎగరదు. రేకుది కూడా కాదు. గొట్టాల చట్రం మీద గుడ్డ బిగించి, దాని మీద వార్నిషు లాంటి మందు, ఆపైన ఎండ తగలకుండా వెండిరంగు పూత, అన్నిటికీ పైన అసలు రంగు. వేలితో తడితే డప్పులా మోగేది. పాత రంగు వెలిసిపోతే, మైపాడులో పడవలకు రంగులు వేసే మేస్త్రిని పిలిపించింది నేనే. నాకంటే పదేళ్లు పెద్ద. "పడవ నీళ్లలో నానతాది, ఇది ఎండలో ఎండతాది. అంతే గదా సార్ తేడా" అని నవ్వి, నేను చెప్పినట్టే పలచగా పూత మీద పూత వేశాడు. పని అయ్యాక తన ఊరివాళ్లను తీసుకొచ్చి మరీ చూపించుకున్నాడు.

ఆ ఏడు ఆయుధపూజకు విమానానికీ పూజ చేశాం. రెండు రెక్కలకూ బంతిపూల దండలు పెట్టి, గాలికి ఊడకుండా అట్టపెట్టెలకు వేసే గోధుమరంగు టేపు అంటించాం. దండలు మర్నాడే తీశాం. టేపు మాత్రం అలాగే ఉండిపోయి, ఎండకూ ఉప్పుగాలికీ పెళుసెక్కింది. తనిఖీకి మనుషులు వస్తున్నారని తెలిసి పీకబోతే పైపొర తునకలుగా ఊడింది, జిగురు నల్లటి చారలుగా రెక్కకే పట్టుకుంది.

అలాంటి జిగురు మీద కిరోసిన్‌లో తడిపిన గుడ్డ కప్పి, నానాక బొటనవేలితో ఉండలు చుట్టి తీయాలి. పిల్లలకు ఆ పాఠం చెప్పేది నేనే. ఆ రోజు పొద్దు పోతోందని తొందరపడి థిన్నర్ డబ్బా తీశాను. రెండు రుద్దులకే జిగురు పోయింది. దాంతోపాటు రంగు కూడా ముడతలు పడి లేచింది. చేతిలో గుడ్డ వెండిరంగుకు తిరిగాక గాని ఎంత లోపలికి పోయానో అర్థం కాలేదు.

ప్రిన్సిపాల్ వచ్చి చూశారు. నన్ను అడక్కుండానే ఆయనే అన్నారు: "పడవలకు రంగేసేవాణ్ణి పెట్టుకుంటే ఇంతే. నాసిరకం రంగు కలిపి ఉంటాడు."

"అయ్యుండొచ్చు సార్" అన్నాను.

మేస్త్రిని పిలిపించి షెడ్డు బయటే నిలబెట్టి మాట్లాడారు. "కల్తీ చేసే చెయ్యి కాదు సార్ ఇది" అని ఆయన నా వైపు తిరిగాడు. "మీరు పక్కనే ఉండారు గదా, మీరైనా చెప్పండి." నేను ఏదో పనున్నట్టు షెడ్డులోకి వెళ్లిపోయాను. ఎడమ రెక్కకు వేరే మనిషి చేత అతుకు రంగు వేయించారు. కుడి రెక్క జిగురు జోలికి మళ్లీ ఎవరూ పోలేదు.

తర్వాత ఒకసారి చేపల కోసం మైపాడు వెళ్లాను. ఒడ్డున వలలు బాగుచేసుకుంటున్నవాళ్లు మేస్త్రిని ఆటపట్టిస్తున్నారు.

"నా పడవకు నువ్వొద్దులే మావా. నువ్వు రంగేసిన ఇమానం యాడుండేది ఆడ్నే ఉందంట, రంగే ఎగిరిపోయిందంట గదా!"

"నవ్వండ్రా, నవ్వండి" అని ఆయనా నవ్వబోయాడు. నన్ను చూసి ఆగిపోయాడు. నేను చేపలు కొనకుండానే బస్సెక్కాను. పడవల పని ఒక్కొక్కటే ఆయన చేయి దాటిపోయిందని తర్వాత విన్నాను.

మొన్న ఎండాకాలం సంస్థ మూతపడింది. విమానం వేరే ఊరికి పోతుంది, శుభ్రం చేసి పంపమన్నారు. కుడి రెక్క మీద కిరోసిన్ గుడ్డ కప్పి కూర్చున్నాను. ఎండిపోయిన జిగురు నానడానికి చాలాసేపు పట్టింది గాని, నానాక ఉండలుగా వచ్చేసింది. కింద మీగడరంగు వేసిననాటిలాగే ఉంది. గోటితో గీరాను. లేవలేదు. ఆ రంగు నిజంగానే మంచిది కాదేమో అని ఇన్నేళ్లూ అప్పుడప్పుడు నన్ను నేను నమ్మించుకునేవాణ్ణి. ఆ సాయంత్రంతో అదీ పోయింది.

మర్నాడు మైపాడు వెళ్లాను. ఇప్పుడన్నీ ఫైబర్ పడవలు, రంగు అచ్చులోనే వచ్చేస్తుంది. మేస్త్రి వలలవాళ్ల పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. గడ్డం నెరిసింది. ఆనాడు ఎగతాళి చేసినవాళ్లలో ఒకడు నన్ను గుర్తుపట్టి "ఏంది సార్, మళ్లీ ఇమానానికి రంగా?" అన్నాడు. మేస్త్రి లేచి, "అట్టా పక్కకు పోదాం రండి సార్" అన్నాడు.

"వద్దన్నా, ఇక్కడే" అన్నాను. వలలవాళ్లు చేతులాపి చూస్తున్నారు.

"నువ్వు వేసిన రంగు మంచిదే. నేనే థిన్నర్ పెట్టి రుద్ది పాడు చేశాను. ప్రిన్సిపాల్ నీదే తప్పంటే, అయ్యుండొచ్చు అన్నాను. నీ పేరు పోవడానికి కారణం నేను. ఇప్పుడు చెప్పినా నీకు ఏమీ తిరిగి రాదని తెలుసు. నన్ను క్షమించన్నా."