చిన్నవాళ్లే ముందు చెప్పాలి

ఆండాళ్‌ది హనుమకొండ. నలుగురు పెదనాన్నలున్న ఇంట్లో ఆఖరి ఆడపిల్ల. పెద్దవాళ్లంతా చెప్పడం అయ్యాక ఏమైనా మిగిలితే మాట్లాడడం ఆమెకు చిన్నప్పటి నుంచీ అలవాటు. భర్త జితేంద్రకు జర్మనీలో వోల్ఫ్స్‌బర్గ్ కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగమైతే వెంట వచ్చింది. ఆ ఊళ్లో ఇల్లు దొరక్క, ఉత్తరాన ఉన్న పల్లెటూళ్ల జిల్లాలో కాపురం పెట్టారు.

ఆ జిల్లా అంటే ఇసుక నేల, ఆలుగడ్డ చేలు, ఊరికీ ఊరికీ మధ్య పైన్ అడవి. జిల్లా పట్టణంలో చెప్పుకోదగ్గ వీధి ఒక్కటే. ఒక పక్క జిల్లా ఆఫీసు, ఎదురుగా ఎర్ర ఇటుకల కోర్టు. ఆండాళ్‌కు జర్మన్ పౌరసత్వం వచ్చాక, ఊరి ఆఫీసులో గుమాస్తా "షోఫెగా మీ పేరు పంపనా?" అని అడిగితే మొహమాటపడి తలూపింది. షోఫె అంటే జడ్జి పక్కన కూర్చుని, జడ్జితో సమానంగా ఓటు వేసే మామూలు మనిషి.

"జడ్జిగారూ, చాయ్ మీరు పెడ్తరా, నన్నే పెట్టుకొమ్మంటరా?" అని ఆమె మొదటి కేసు రోజు జితేంద్ర పొద్దున్నే ఏడిపించాడు.

"నీకు నవ్వులాటనే ఉంటది. నాకు భయమైతున్నది."

ఆ రోజు బోనులో ఉన్నది రాల్ఫ్ అనే రైతు. గట్టు తగాదాలో పక్కవాడి గడ్డి కొట్టానికి నిప్పు పెట్టాడు. తప్పు ఒప్పుకున్నాడు కూడా. ఇక తేలవలసింది ఒక్కటే: జైలుకు పంపాలా, హెచ్చరించి బయటే ఉంచాలా.

గాలి తిరిగి ఉంటే వెనక ఇంట్లో నిద్రపోతున్న పిల్లల మీదికి మంట వెళ్లేదని మంటలార్పినవాళ్లు చెప్పారు. అది వింటున్నంతసేపూ రాల్ఫ్ ఆండాళ్ వైపే చూశాడు. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఇండియా ఆడమనిషి ముఖం తనదొక్కటే. సూపర్ మార్కెట్లో పాల డబ్బాల దగ్గర కనబడినా గుర్తుపడతాడు.

సాక్ష్యాలయ్యాక జడ్జి, ఇద్దరు షోఫెలు లోపలి గదిలోకి వెళ్లారు. రెండో షోఫె హైనో, ఒకప్పటి పాల ట్యాంకర్ డ్రైవరు, రొట్టె పొట్లం విప్పుకున్నాడు. ఆండాళ్ ఇద్దరికీ నీళ్లు పోసి, ఒద్దికగా కూర్చుంది.

"ఊఁ, చెప్పండి," అంది జడ్జి ఆమెతో.

"ముందు మీరు చెప్పండి మేడమ్. పెద్దవాళ్లు…"

"అదే కుదరదు. ఇక్కడ వయసులో చిన్నవాళ్లు ముందు చెప్పాలి. నేను ఆఖరు. మీరిద్దరూ ఒక్కటైతే నా మాట చెల్లదు కూడా."

"నా వైపు చూడకమ్మా," అన్నాడు హైనో నములుతూనే. "నేను నీకంటే చాలా ముసలివాణ్ణి."

వదిలేద్దామన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది జాలే అనుకుంది మొదట. కాదు. రాల్ఫ్ చూపు గుర్తొచ్చి, భయంతో వస్తున్న మాట అది. కొట్టం వెనక నిద్రపోయిన పిల్లలు తనకేసి చూడలేదు, అంతే తేడా.

"జైలు," అంది. తనకే వినబడలేదు. మళ్లీ అంది.

హైనో మూతి తుడుచుకుని తలూపాడు. "నాదీ అదే."

జైలనే తీర్పు చదివారు, కానీ అప్పీలు గడువు తీరి అది ఖాయమయ్యేదాకా రాల్ఫ్ ఇంటికి పోవచ్చట. ఆ సంగతి ఆమెకు బస్టాపులో అతన్ని చూశాకే అర్థమైంది. ఆ పల్లెల వైపు వెళ్లేది ఒక్కటే బస్సు. ఇద్దరూ అదే ఎక్కారు. ఆమె డ్రైవరు వెనక సీట్లో కూర్చుంది. అతను వెనక్కి వెళ్లి కూర్చున్నాడు. ఆమె తల తిప్పలేదు.

తన ఊరొచ్చింది. తలుపులు తెరుచుకున్నాయి. దిగితే ఇల్లెక్కడో తెలిసిపోతుంది. కదలకుండా కూర్చుంది. తరువాతి ఊళ్లో దిగి, బస్సు కనుమరుగయ్యేదాకా నిలబడి, అడవి పక్క రోడ్డు మీద వెనక్కి నడిచింది. కారు చప్పుడైనప్పుడల్లా పక్కకు తప్పుకుని చెట్ల చాటుకు వెళ్లింది.

"ఇంతసేపేంది? ఏమన్నవ్ నువ్వు?" అన్నాడు జితేంద్ర తలుపు తీసి.

"లోపలి గదిల ఎవరేమన్నరో బయట చెప్పొద్దు, అది రూలు," అంది. లోపలికి వచ్చి గడియ పెట్టింది. పడిందో లేదోనని మళ్లీ లాగి చూసింది.