పూత మీద ఇచ్చిన మాట

అయితే మీరూ అదే అంటారన్నమాట, ఆ రోజు వెంకటాచలపతి పరదేశిని ఆటలోకి దించకుండా ఉండాల్సింది అని. అనండి. నూజివీడులో అననివాళ్లు లేరు. కాఫీ హోటల్లో అన్నారు, కోర్టు మెట్ల మీద అన్నారు, ఆగిరిపల్లి తోటల్లో కాయ ఏరే ఆడవాళ్లు కూడా అన్నారు. కాకపోతే ఎందుకు దించాడో తెలుసుకోకుండా మనిషిని తప్పుపట్టడం తేలిక. తెలిసాక కూడా తప్పే అనిపించిందనుకోండి, అప్పుడది తప్పే. వెంకటాచలపతి కూడా చివరికి అక్కడికే వచ్చాడు.

కొత్తమాసు వెంకటాచలపతి మామిడికాయల వర్తకుడు. పొట్టిగా, బొద్దుగా ఉండేవాడు. పంచె గోచీ బిగించి గబగబా పది అడుగులు వేస్తే ఆయాసం. పుట్టి బుద్ధెరిగి బంతిని కాలితో తన్నినవాడు కాదు. అలాంటి మనిషి ఫుట్‌బాల్ టీముకి మేనేజరు ఎలా అయ్యాడంటారా? హైస్కూలు గ్రౌండుకి ఎదురుగా ఆయన దుకాణం. సాయంత్రం ఆడేవాళ్లు చొక్కాలు విప్పి ఆయన బల్ల మీద పడేసి పోయేవారు. వాటికి ఆయన కాపలా. చొక్కాలు కాస్తూ ఆట చూశాడు. చూస్తూ చూస్తూ నోరు పెట్టాడు.

"ఆ ఎడం వైపువాడు ప్రతిసారీ అదే గుంట దగ్గర బంతి పోగొట్టుకుంటున్నాడు. మీ కళ్లకి ఆనట్లేదా?" అని అడిగాడు ఒకరోజు.

చూస్తే నిజమే. యాభై ఏడులో ఊరి టీముకి ఓ పెద్దమనిషి కావాల్సి వచ్చినప్పుడు చొక్కాల శెట్టిగారినే మేనేజర్ని చేశారు.

మనుషుల్ని ఏరడం ఆయనకి మామిడికాయ నేర్పింది. చెట్టు కింద గోనె పట్టుకుని, పైనించి జారిన కాయ దెబ్బ తగలకుండా అందుకునే నారాయణరావుని తీసుకొచ్చి గోలులో నిలబెట్టాడు. "వీడి చేతిలోంచి చిన్నరసం కాయే జారలేదు, బంతి జారుతుందా?" అన్నాడు. ఆగిరిపల్లి నుంచి పరదేశిని తెచ్చాడు. పైన పుట్టిన ముగ్గురూ పోతే, వీడైనా దక్కాలని తల్లి ఆ పేరు పెట్టుకుంది. తోటల్లో కాయ దింపే పని వాడిది. ఏ కొమ్మ ఎంత బరువు ఓర్చుకుంటుందో వాడి పాదానికి తెలుసు. టీములో వాడిది నడిమి చోటు. అటు వెనకా కాచేవాడు, ఇటు ముందుకీ ఉరికేవాడు. వాడు ఉరికితే గ్రౌండు చుట్టూ జనం లేచి నిలబడేవారు.

ఇక అసలు సంగతి. మామిడి తోటని పూత మీద కొంటారు. మాఘమాసంలో చెట్టునిండా పూతే గానీ కాయ అనేది ఇంకా లేదు. ఆ పూత చూసి, ఎంత నిలుస్తుందో ఎంత రాలుతుందో మనసులో అనుకుని వర్తకుడు రైతుకి ఇంతకి కొంటానని మాట ఇస్తాడు. ఆ తర్వాత మంచు పట్టి పూత మాడినా, గాలిదుమారం వచ్చి పిందె రాలినా మాట మాటే. వెనక్కి తీసుకున్నవాడికి మళ్లీ ఏడు ఏ తోటలోనూ కూర్చోమని మంచం వాల్చరు. వెంకటాచలపతి తాతా తండ్రీ ఆ మాట మీదే బతికారు.

ఆయన టీముని కూడా అలాగే కట్టాడు. ఆటలేమో వానలు వెనకబట్టాక, దసరా రోజుల్లో. ఈయన మాఘంలోనే పదకొండుమందినీ దుకాణం ముందు నిలబెట్టి, "ఈ ఏడు మీరే" అనేవాడు. ఇక ఎవరెన్ని చెప్పినా మార్పు లేదు. తక్కిన ఊళ్లలో పై చెయ్యి ఉన్నవాడి బావమరిది ఆఖరి నిమిషంలో టీములో దూరేవాడు. నూజివీడులో అలాంటిది నడవలేదు. నా చోటు నాదే అన్న ధైర్యంతో ఆడేవాళ్లు మనవాళ్లు. నాలుగేళ్లలో రెండుసార్లు షీల్డు తెచ్చారు. అప్పుడు ఆ పద్ధతిని మెచ్చుకోని నోరు లేదు. అది కూడా గుర్తుపెట్టుకోండి.

అరవై ఒకటి వైశాఖంలో పరదేశి చెట్టు మీద నుంచి పడ్డాడు. కుడి మోకాలు. నాటువైద్యుడు కట్టు కట్టాడు. శ్రావణానికల్లా తిన్నగా నడుస్తున్నాడు, నెమ్మదిగా పరిగెడుతున్నాడు కూడా. ఒక్క పక్కకి తిరగాలంటేనే మోకాలు పట్టేసేది.

డ్రిల్లు మాస్టారు భాస్కరరావు గారు కొత్తగా వచ్చినాయన, ఆట చదువుకున్నాయన. ఆయన దుకాణానికి వచ్చి చెప్పాడు.

"శెట్టిగారూ, ఈసారి పరదేశిని కూచోబెట్టండి. వేరేవాణ్ణి చూద్దాం."

"పూత మీద మాట ఇచ్చానండీ."

"ఇది మామిడి తోట కాదండీ, మనిషి కాలు."

"అందుకే మాస్టారూ. తోటకి ఇచ్చిన మాటే తప్పనివాణ్ణి, మనిషికి తప్పుతానా?"

మాస్టారు "పోనీ, ఇప్పుడు పెద్ద టీములన్నీ మూడు బ్యాకులతో ఆడుతున్నాయి. నడిమివాణ్ణి వెనక్కి లాగి ఇద్దరు బ్యాకుల మధ్యన నిలబెడతారు" అన్నాడు.

వెంకటాచలపతికి ఆ మాట దేవుడు పంపినట్టుంది. వెనక నిలబడితే వాడికి పరుగు తగ్గుతుంది, మోకాలికి పని తగ్గుతుంది, తన మాటా దక్కుతుంది. అలా లెక్కేశాడు. వెనక నిలబడ్డవాడికి పరుగు తక్కువే గానీ, పక్కకి తిరగడమే పని అన్న సంగతి ఆయనకి తట్టలేదు. ఎలా తడుతుంది? ఎప్పుడూ ఆడినవాడు కాదుగా.

మ్యాచీకి రెండు రోజుల ముందు పరదేశి దుకాణానికి వచ్చాడు. తలగుడ్డ చేతిలో నలుపుతూ గుమ్మం పక్కన నించున్నాడు. బల్ల మీద నలుగురు పెద్దమనుషులున్నారు. కోర్టులో గుమాస్తాగా చేసి రిటైరైన రాఘవయ్య గారూ ఉన్నాడు. ఆ బల్ల ఆయనకి సింహాసనం.

"ఏవోయ్ చలపతీ, నీ కుంటి గుర్రం వచ్చింది చూడు" అన్నాడు రాఘవయ్య గారు.

వెంకటాచలపతికి రోషం వచ్చింది. పరదేశి నోరు తెరిచే లోపలే భుజం మీద చెయ్యేసి, "ఒరే పరదేశీ, నీ మీదే ఉందిరా ఆట. ఊరంతా వద్దన్నా నేను నిన్ను వదల్లేదు" అన్నాడు, అందరికీ వినపడేలా.

పరదేశి ఆయన మొహంకేసి చూశాడు. "సరేనండీ శెట్టిగారూ" అని వెళ్లిపోయాడు. ఏం చెప్పడానికి వచ్చాడో ఎవరూ అడగలేదు.

బందరులో మ్యాచీ. మొదటి సగం బాగానే ఉంది. మనవాళ్లే ఒక గోలు ముందు. రెండో సగంలో బందరు కుర్రవాడొకడు కనిపెట్టేశాడు. పరదేశి కుడి చేతి వైపు బంతి తీసుకుపోతే చాలు, వాడు తిరగలేడు. ఆ కుర్రవాడు ఒకసారి అటు పోయాడు, గోలు. ఇంకోసారి అదే దారిన పోయాడు, గోలు. అప్పట్లో ఒకసారి దిగినవాణ్ణి మార్చి ఇంకొకణ్ణి పంపే పద్ధతి లేదు. అయినా కుంటుతున్నవాణ్ణి బయటికి పిలిచి పదిమందితో ఆడించొచ్చు. పరదేశి గీత పక్కనున్న వెంకటాచలపతి వైపు తిరిగి చూశాడు. ఈయన అరచెయ్యి ఎత్తాడు, ఉండు, ఫరవాలేదు అన్నట్టు.

మూడో గోలుకి ఆ మోకాలు పూర్తిగా పోయింది. ఈసారి ఎవరూ తగలనైనా తగల్లేదు. తనంతట తనే కూలిపోయాడు. నలుగురు కలిసి మోసుకొచ్చి బస్సు వెనక సీటులో పడుకోబెట్టారు. హనుమాన్ జంక్షన్ దాకా ఎవరూ మాట్లాడలేదు.

ఊళ్లో మాత్రం నెలరోజులు మాట్లాడారు. మూడు బ్యాకులు తప్పన్నారు. మూడు బ్యాకులు ఒప్పేగానీ నడిమి మనిషి తప్పన్నారు. ఒక గోలు ముందున్నప్పుడు అందరూ వెనక్కి రావాల్సిందన్నారు. వెంకటాచలపతి ఒక్కొక్కరికీ జవాబు చెప్పుకున్నాడు, బల్ల మీద చింతపిక్కలు పేర్చి మరీ. ఏ మాటకామాటే, వాటిలో చాలా జవాబులు సబబుగానే ఉన్నాయి. "ఓడిపోయాం. మాట మాత్రం తప్పలేదు" అని ముగించేవాడు.

కార్తీకంలో ఆగిరిపల్లి వెళ్లాడు, పరదేశిని చూడ్డానికి. వాడు మంచం మీద ఉన్నాడు. చెట్టెక్కే మనిషికి మోకాలు లేకపోతే ఇంకేముంది? పరదేశి భార్య ఇన్నమ్మ పీట వేసింది గానీ, ఈయన కూర్చునే లోపల అడిగేసింది.

"మా ఆయన ఆ రోజు మీ కొట్టుకెందుకొచ్చాడో తెలుసాండీ?"

"ఎందుకొచ్చాడమ్మా?"

"కాలు తిరగట్లేదు, నా వల్ల కాదు అని చెప్పడానికండి. దారంతా ఆ మాటే వల్లించుకుంటా వచ్చాడు. మీరేమో ఊరంతా వద్దన్నా వదల్లేదన్నారంట. అంత మాటన్నాక ఈ మనిషి నోరెలా పెగుల్తదండీ?"

"ఊరుకోవే" అన్నాడు పరదేశి గోడకేసి చూస్తూ.

"ఎందుకూరుకోవాల? మీ మాట మీరు కాపాడుకున్నారండి శెట్టిగారూ. ఈ మోకాలు ఎవరిదండీ?"

వెంకటాచలపతి పీట మీద కూర్చోకుండానే తన తోటలో కాపలా పని ఇస్తానన్నాడు. "మీ తోటలో వద్దండీ" అన్నాడు పరదేశి, అంతే. తర్వాత వేరే వర్తకుడి తోటలో కాపలాకి కుదిరాడు.

వెంకటాచలపతి ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని కలపకుండా అలాగే ఉండిపోయాడు. ఆయన భార్య సౌభాగ్యలక్ష్మి నెయ్యి గిన్నె చేత్తో పట్టుకుని నించుంది. "తోటకి మాట ఇస్తే తోట ఏమీ అనదు లక్ష్మీ. వాడు చెప్పడానికే వచ్చాడట. నేను వినలేదు" అన్నాడు. ఆవిడ నెయ్యి వడ్డించి, "ఇక మీదట వినండి" అంది.

మరుసటి మాఘంలో పూత విరగబూసింది. దుకాణం ముందు పదకొండుమందీ వచ్చి నిలబడ్డారు. ఆయన పేర్లు చెప్పలేదు.

"ఏవోయ్, మాట ఇవ్వడానికి భయమేస్తోందా?" అన్నాడు రాఘవయ్య గారు.

"భయమేనండీ" అన్నాడు వెంకటాచలపతి.

అప్పటి నుంచీ మ్యాచీ రోజు పొద్దున ఒక్కొక్కణ్ణీ పక్కకి పిలిచి, "నీకు ఆడాలని ఉందా? ఎక్కడైనా నొప్పుందా?" అని అడిగేవాడు. నొప్పి లేదనే అందరూ అనేవారు. చోటు పోతుందని భయం. జ్వరంతో ఒకడు ఆడాడు, కాలి గోరు ఊడి ఒకడు ఆడాడు. పాత ధైర్యం పోయింది, కొత్త నమ్మకం కుదరలేదు. వరసగా రెండేళ్లు మొదటి ఆటలోనే ఓడిపోయారు. ముసలివాడికి మతి పోయింది, ఇంకొకణ్ణి పెట్టుకుందాం అన్నారు ఊళ్లో. ఇది కూడా తప్పు తీర్పేమీ కాదు. ఆట గెలిపించడానికి పెట్టుకున్న మనిషి ఆట గెలిపించడంలేదు మరి.

అరవై నాలుగులో మళ్లీ కాస్త పుంజుకుని, సెమీఫైనలు దాకా వెళ్లారు. ఆ పొద్దున నారాయణరావు తల వంచుకుని వచ్చి, "ఇవాళ నా వల్ల కాదండీ. బొటనవేలు బెణికింది. బంతి ఆగదు" అన్నాడు. అలా చెప్పినవాడు మూడేళ్లలో అతనొక్కడే.

"మంచిపని చేశావు. కూచో నాయనా" అన్నాడు వెంకటాచలపతి.

గోలులో నిలబడే రెండోవాడు చేతకానివాడని ఊరందరికీ తెలుసు, ఆయనకీ తెలుసు. నాలుగు గోల్సుతో ఓడిపోయారు. బస్సు దిగుతుంటే జనం మొహం మీదే కేకలేశారు. నారాయణరావు ఏడుస్తుంటే ఈయన వాడి పక్కనే నడిచాడు, దుకాణం దాకా. ఈసారి ఎవరికీ చింతపిక్కలు పేర్చి చూపించలేదు.

ఆ కబురు ఆగిరిపల్లి చేరింది. తోటల్లో కబుర్లకి కాళ్లక్కర్లేదు. ఎనిమిది నెలలు అటునుంచి ఏ కబురూ లేదు. అరవై అయిదు ఆషాఢంలో, కాయ దింపడాలు అయిపోయాక, పరదేశి కర్ర పోటేసుకుంటూ బస్సు దిగి దుకాణానికి వచ్చాడు. నాలుగేళ్ల తర్వాత. వెంకటాచలపతి గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నించున్నాడు.

"కూర్చో పరదేశీ" అన్నాడు. ఒరే అనలేదు.

"మీరు కూర్చోండి ముందు."

ఇద్దరూ బల్ల మీదే కూర్చున్నారు. రాఘవయ్య గారు జరిగి చోటిచ్చాడు.

"నిన్ను అడగాల్సిందయ్యా" అన్నాడు వెంకటాచలపతి.

"నేనూ చెప్పాల్సిందండీ." పరదేశి కర్ర ఒళ్లో అడ్డంగా పెట్టుకున్నాడు. "మీ నడిమి మనిషి బాగోలేడు శెట్టిగారూ. కిందటేడు నుంచీ చూస్తన్నా. చెట్టుచాటున కూచుని చూసేవాణ్ణి లెండి, మీకు తెలీదు."

"మరి ఎవరున్నారు?"

"ఉంగుటూరులో రామకృష్ణ అని ఒకడున్నాడండి. ఆసామి పొలంలో పాలికాపు. మొన్న మా చుట్టాలింటికెళ్లినప్పుడు చూశా. పొలం గట్టు మీద మోపు నెత్తినెట్టుకుని నడుస్తాంటే కూడా చుట్టూ ఎవరెక్కడున్నారో వాడికి తెలుస్తదండీ. అలాంటోడు మళ్లీ దొరకడు."

"నువ్వు చెబితే చాలు. కబురంపిస్తా."

"వద్దండీ. మీరే వెళ్లండి. వెళ్లి మాట ఇవ్వకండి. నలుగురిలో భుజం మీద చెయ్యెయ్యకండి. పక్కకి తీసుకెళ్లి, నీకు ఆడాలని ఉందా అని అడగండి. లేదంటే వచ్చెయ్యండి."

"నువ్వూ రావయ్యా నాతో."

"రానండీ. నన్ను చూస్తే మొహమాటపడి కాదనలేడు."

వెంకటాచలపతి తల ఊపాడు. ఆదివారం వెళతానన్నాడు. ఇంట్లో చెప్పి ఉతికిన పంచె తీయించిపెట్టుకున్నాడు, ఉంగుటూరుకి పొద్దున ఏ బస్సుందో రెండుసార్లు వాకబు చేశాడు. శుక్రవారం పొద్దున దుకాణం తలుపు తీస్తూ గుమ్మంలోనే కూలిపోయాడు. డాక్టరు వచ్చేసరికి అయిపోయింది.

పాడె వెనక పరదేశి కర్రతో చివరిదాకా నడిచాడు. టీముని భాస్కరరావు మాస్టారు తీసుకున్నాడు. మంచివాడే, ఆట తెలిసినవాడే. నడిమి చోటుకి హైస్కూల్లోనే ఒకణ్ణి తయారు చేసుకున్నాడు. ఉంగుటూరు సంగతి ఆయనకి ఎవరూ చెప్పలేదు. పరదేశి మళ్లీ నూజివీడు బస్సెక్కలేదు. రామకృష్ణ ఆ వానాకాలం నాట్లు వేశాడు, తర్వాత కోతలు కోశాడు. నీకు ఆడాలని ఉందా అని అతన్ని అడగడానికి ఎవరూ వెళ్లలేదు.