అంకమ్మరావు రాస్తే పడ్డ రోడ్డు

అంకమ్మరావుది ట్రాలీ ఆటో. తెల్లారేసరికి నరసరావుపేటలో కోడిగుడ్ల అట్టలు ఎక్కించుకుని, కోటప్పకొండ వైపు ఊళ్లలో కొట్లకు దించుతూ పోతాడు. మధ్యాహ్నానికి పని అయిపోతుంది. ఆ తర్వాత అతను రచయిత. వాకిట్లో మంచమ్మీద వెల్లకిలా పడుకుని, ఫోనులో బొటనవేలితో 'గతుకుల కబుర్లు' అనే బ్లాగు రాస్తాడు. ఊరంతా రీల్స్ చేస్తుంటే నీకీ రాతలేందిరా అని ఎవరైనా అడిగితే, నా మొహం కంటే నా మాట బాగుంటుంది అనేవాడు. అందులో అబద్ధం లేదు. పాఠకుల సంగతే కాస్త పలచన. హైదరాబాదులో ఉన్న బామ్మర్ది చదివేవాడు. ముక్కూ మొహం తెలియని ఇంకెవరో ప్రతి పోస్టు కిందా 'సూపర్ అన్నా' అని పెట్టేవాడు. మేనమామ పోయిన సంగతి రాసినప్పుడూ అదే పెట్టాడు.

అంకమ్మరావు ప్రాణానికి పట్టిన దెయ్యం రోడ్డు. పెద్ద రోడ్డు దిగి కొంతదూరం వస్తే ఒక మలుపు. నేరుగా పోతే కొండ, పక్కకు తిరిగితే వాళ్ల ఊరు. దిగిన దగ్గర్నుంచి ఊరిదాకా గుంటలే. ఎంత మెల్లగా తోలినా ప్రతి అట్టలోనూ కొన్ని గుడ్లు చిట్లేవి. పగిలిన గుడ్డు కొట్టువాడు తీసుకోడు, నష్టం ఆటోవాడిదే.

శివరాత్రి దగ్గరపడే రోజుల్లో ఓ మధ్యాహ్నం ఒళ్లు మండి రాశాడు. ఈ దారి మనుషులదా, మేకలదా అని నిలదీశాడు. వారం తిరక్కుండా టిప్పర్లొచ్చి కంకర పోశాయి. వెనకే రోలరొచ్చింది.

అంకమ్మరావు కాళ్లు నేలమీద ఆనలేదు. రోలరు తోలే మనిషి దగ్గరికెళ్లి, రాసింది నేనే అని పరిచయం చేసుకున్నాడు. ఆ మనిషి తలూపి బీడీ అడిగాడు. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లందరికీ అంకమ్మరావు టీలు ఇప్పించాడు. 'కలం గెలిచింది' అని ఇంకో పోస్టు పెట్టాడు. ఊళ్లోకి రోడ్డు ఇక వచ్చినట్టేనని కొట్లన్నిటికీ మాటిచ్చాడు. పింఛను ఆగిపోయిందని పక్కింటి ముసలి రత్తమ్మ మొత్తుకుంటే, రాస్తాలే పిన్నీ, దానంతటదే వస్తుంది అన్నాడు. ఆమె పాపం నమ్మింది.

రోలరు మలుపుదాకా వచ్చి, నేరుగా కొండవైపు పోయింది. ఊరి దారిలోకి ఒక్క రాయి పడలేదు.

అంకమ్మరావు ఇంకో పోస్టు రాశాడు, ఈసారి మరింత ఘాటుగా. ఏమీ కదల్లేదు. కొట్లవాళ్లు ఏమైందయ్యా నీ రోడ్డు అని అడగడం మొదలుపెట్టారు. ఉండబట్టలేక బసవపున్నయ్య దగ్గరికి పోయాడు. బసవపున్నయ్య పక్క ఊరి రైతు, ఆ ఊరి ప్రభ కమిటీకి పెద్ద. ఏటా శివరాత్రి తిరునాళ్లకు బండిమీద వెదురుతో ఆకాశమంత ప్రభ కట్టి, దీపాలు చుట్టి, కొండకు నడిపించుకుపోయేది ఆయనే. అప్పుడూ పొలంలో వెదురు కర్రలకు తాళ్లు బిగింపిస్తున్నాడు.

"పెదనాన్నా, మలుపు దగ్గరే ఎందుకాపారు?"

"ఆపటమేందిరా? కొండదాకా వేశారుగా. పాత దారిలో కల్వర్టు కుంగిందని ఈ ఏడు ప్రభని ఇటు తిప్పుతున్నాం. గుంటలో చక్రం దిగితే అంతెత్తు ప్రభ నెత్తిమీద పడదూ? సంక్రాంతి ముందే రోడ్ల ఆఫీసులో చెప్పొచ్చాం."

"నేను రాసింది..."

"నువ్వేం రాశావు?"

అంకమ్మరావు ఏమీ రాయలేదన్నాడు. వస్తూ వస్తూ టీ కొట్టువాణ్ణి అడిగితే, ప్రభ సంగతి అందరికీ తెలుసన్నాడు. మరి చెప్పలేదేం అంటే, ఊరికే టీ ఇప్పించేవాణ్ణి ఎవరాపుతారన్నాడు.

ఇంటికొచ్చి బ్లాగు పీకేస్తానన్నాడు. భార్య యమున చింతపండు గింజలు తీస్తూ నవ్వింది. ఆమెకూ మొదటిరోజే తెలుసట.

"పీకడమెందుకు? అది నీకేం అన్యాయం చేసింది? రాసుకో. రోడ్డు కావాలంటే మాత్రం మనూరి నుంచీ ఓ ప్రభ లేపండి."

మర్నాడు రత్తమ్మను ఆటో ఎక్కించుకుని పింఛన్ల ఆఫీసుకు తీసుకెళ్లాడు. వేలిముద్ర పడటం లేదట. దాని బదులు మిషన్లో కళ్లు చూపించి సరిచేయించుకున్నారు. ఒక్క పోస్టూ రాయకుండా పింఛనొచ్చింది.

ఆ ఏడంతా ప్రభ చందాలకు ఇల్లిల్లూ తిరిగాడు. దేవుడి పేరు చెప్పి అడిగాడుగానీ, గుడ్ల పేరు చెప్పలేదు. భక్తీ అవసరమూ ఒకే బండిలో పోతే తప్పేముంది? బసవపున్నయ్య కర్రలు ఎరువిచ్చాడు, కట్టడం నేర్పడానికి మనుషుల్నీ పంపాడు. మళ్లీ శివరాత్రి రాకముందే ఊరి పెద్దలు రోడ్ల ఆఫీసుకు వెళ్లి, మా ప్రభ కదలాలి, దారి చూడండి అన్నారు. టిప్పర్లు మలుపు తిరిగాయి.

ప్రభ పెద్దదేం కాదు. ఒక వరస దీపాలు అసలు వెలగలేదు. అయినా మలుపు దాటేటప్పుడు ఊరు ఊరంతా వెనక నడిచింది. ప్రభను లాగే ట్రాక్టరు తోలింది అంకమ్మరావే.

తిరునాళ్ల అయ్యాక పనిలోకి దిగిన రోజు, అట్టలన్నీ దించి ఇంటికొస్తే యమున ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. పెళ్లయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో కూర అంటే పగిలిన గుడ్లే. ఆ రోజు ఒక్కటీ పగల్లేదు.

"ఏమయ్యా, ఇప్పుడు ఏం వండాలి?"

కొట్టుకెళ్లి, తను పొద్దున దించిన గుడ్లే కొనుక్కొచ్చాడు. ఆ మధ్యాహ్నం మంచమ్మీద పడుకుని ఆ సంగతే రాశాడు, రాసినంతసేపూ తనలో తను నవ్వుకుంటూ. ఇందులో డిమాండు లేదు, హెచ్చరిక లేదు. పోస్టు పెట్టి, ఎవరు చూశారో చూడకుండా ఫోను ఛార్జింగులో పెట్టి అన్నానికి లేచాడు.