నాయనమ్మ నెయ్యీ, నా సన్నబడే గోలీలూ

ఆ రోజుల్లో, అంటే సెల్‌ఫోను చేతిలో ఉన్న మనిషిని వీధిలో జనం ఇంకా తిరిగి చూసే రోజుల్లో, మా గౌలిపురలో లావుగా ఉండటం ఎవరికీ జబ్బులా కనిపించేది కాదు. అందులోనూ మాది పాలవాళ్ళ ఇల్లు. పాలవాళ్ళ పిల్ల ఎండిపోయి తిరిగితే ఆ ఇంటి పాలలో నీళ్ళున్నాయని లోకం అనుకుంటుందని మా నాయనమ్మ గట్టి నమ్మకం. ఆ లెక్కన నేను మా ఇంటికి నడిచే సైన్‌బోర్డును. వీధిలో నన్ను అసలు పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ, 'వెన్నముద్ద' అంటేనే పలికేదాన్ని. చిన్నప్పుడు ఆ పిలుపు విని గర్వపడేదాన్ని కూడా (గర్వపడటానికి నా దగ్గర వేరే సరుకు పెద్దగా లేదు లెండి).

అప్పటికే మా బర్రెల్లో చాలావాటిని అమ్మేశాం. ఇంటి వెనక దొడ్డిలో రెండే మిగిలాయి. పాల మీద వచ్చేది అంతంతమాత్రం, ఇంటికి పేరు తెచ్చింది మాత్రం నాయనమ్మ కాచే నెయ్యి. వీధి చివర సేఠ్‌ల ఇళ్ళలో పండగైనా పబ్బమైనా ఆ నెయ్యే వాడేవాళ్ళు. దానికి నాయనమ్మది ఒక పద్ధతి ఉండేది. వెన్న కాచిన ప్రతిసారీ, డబ్బాల్లో పోయకముందే, మొదటి గంటెడు నెయ్యి వేడి అన్నంలో వేసి, ఇంత ఉప్పు కలిపి, నాకు తినిపించేది. ఆ రాత్రికి ఆగేది. తెల్లవారి నా కడుపు నిమ్మళంగా ఉందని తేలితేనే బాపు సైకిలుకు డబ్బాలు కట్టేవాడు. నాకు పళ్ళొచ్చినప్పటి నుంచీ ఇదే తీరు. "నా మన్మరాలి కడుపు అబద్ధం చెప్పది" అని సేఠానీలకు గొప్పగా చెప్పుకునేది. నేను డిగ్రీ పాసైన తర్వాత కూడా, మా ఇంట్లో నాకున్న అసలైన ఉద్యోగం అదే.

ఇంతలో ఆబిడ్స్‌లో ఒక చిన్న ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునే పని దొరికింది. నా పక్క కుర్చీలో కోస్తా నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. అంత సన్నటి మనిషిని నేను మా వీధిలో చూసి ఎరగను, అందుకే ఆమెకు మనసులో అగరుబత్తి అని పేరు పెట్టుకున్నాను. చాలా మంచిది. ఒకరోజు మధ్యాహ్నం నా టిఫిన్ డబ్బాలో నెయ్యి కారుతున్న రొట్టెల్ని చూసి మెల్లగా అంది.

"ఏమీ అనుకోకండి. మీ మొహం ఎంత కళగా ఉంటుందో! ఒళ్ళు కాస్త తగ్గితే ఇంక మిమ్మల్ని పట్టుకోలేమండీ."

"తిండి మానుడు నాతోని కాదు" అన్నాను.

"మానక్కర్లేదండీ. మా అక్క ఏవో మాత్రలు వేసుకుంది, భోజనంతో పాటే. డాక్టరు చీటీ కూడా అడగకుండా ఇచ్చారు. పెళ్ళినాటి జాకెట్లు మళ్ళీ పడుతున్నాయి తనకి."

మా వీధి మందుల దుకాణంలో కొంటే సాయంత్రానికల్లా దొడ్డిలో బర్రెలకు కూడా తెలిసిపోతుంది కనుక ఆబిడ్స్‌లోనే కొన్నాను. డబ్బా పారేశాను. అందులో మడతలు మడతలుగా పెట్టిన కాగితాన్ని, అమ్మ కంటబడుతుందేమోనని, చదవకుండానే పారేశాను. గోలీల పట్టీ మాత్రం హ్యాండ్‌బ్యాగు లోపలి జేబులో దాచాను. ఆ సాయంత్రం నాయనమ్మ కొత్త నెయ్యి కాచింది. గంటెడు నెయ్యన్నం తిని, ఎవరూ చూడకుండా ఒక గోలీ మింగాను.

పొద్దున్నే దొడ్డి చివర ఉన్న బాత్రూమ్‌కు నేను పరుగెత్తిన పరుగు చూసి బర్రెలు మేత ఆపి తలలెత్తాయి. మర్యాదకు భంగం లేకుండా చెప్పాలంటే, నీళ్ళ మీద నూనె తేలుతోంది. నారింజరంగు నూనె, వలయాలు వలయాలుగా. మొదట గుండె జారింది. మరుక్షణమే విషయం బోధపడి (బోధపడిందనుకుని) నా ఆనందానికి అంతులేదు. నా నడుము కరిగి కారిపోతోంది! ఇన్నేళ్ళుగా నన్ను అంటిపెట్టుకున్న కొవ్వు ఒక్క గోలీకి దారి పట్టింది! బయట చెంబు పట్టుకుని నాయనమ్మ నిలబడి ఉంది.

"ఏమైందే బిడ్డా?"

"కడుపు జారింది నాయనమ్మా!" అన్నాను, పరీక్ష పాసైనట్టు నవ్వుతూ.

ఆమె నవ్వలేదు. ఆ నెయ్యి ఒక్క ఇంటికీ వెళ్ళలేదు, అంతా దేవుడి దీపాలకు పక్కన పెట్టేసింది. గడ్డి అమ్మేవాడితో లొల్లి పెట్టుకుంది. తర్వాతి నెయ్యికీ అదే జరిగింది. బర్రెలకు దిష్టి తీసింది, నాకు దిష్టి తీసింది, చివరికి వెన్న కాచే పొయ్యికి కూడా తీసింది. నాకేమో ధైర్యం పెరిగిపోయింది. ఎంత తిన్నా కరిగించే మందు చేతిలో ఉండగా భయమెందుకని, "ఇంకో గంటె వెయ్యి నాయనమ్మా, బాగా పరీక్ష చేద్దాం" అని అడిగి మరీ వేయించుకున్నాను. దాని ఫలితం ఆఫీసులో తెలిసింది. లేతరంగు చుడీదారు వేసుకుని వెళ్ళిన రోజున, కుర్చీలోంచి లేస్తే కుర్చీకే అనుమానం వచ్చింది. హ్యాండ్‌బ్యాగు వెనక అడ్డం పెట్టుకుని ఇంటికి బయలుదేరాను. బస్సులో సీటు ఖాళీ అయిన ప్రతిసారీ "మీరు కూర్చోండి" అని ఎవరికో ఒకరికి ఇచ్చేశాను. కండక్టరు నా సంస్కారానికి కరిగిపోయి, "మీ అసొంటి పిల్లలు ఈ జమానాల లేరమ్మా" అన్నాడు.

అంత సంబరంలో ఉన్న నాకు ఇంట్లో ఏం జరుగుతోందో పట్టలేదు. సేఠ్‌ల కోడలు బాలింత. ఆమెకు లడ్డూలు చేయాలి, నెయ్యి కావాలని కబురు వచ్చింది. ఆ ఇంట్లో ఆ కోడలి అత్త బాలింతగా ఉన్నప్పుడు కూడా లడ్డూలకు నెయ్యి పోసింది మా నాయనమ్మే. ఆ సాయంత్రం నేను ఇంటికి వచ్చేసరికి ఆమె నెయ్యి కాచే గిన్నెను బూడిదతో తళతళా తోమి, అటక మీద బోర్లించమని బాపుకు అందిస్తోంది.

"మా దగ్గర లేదని చెప్పిరా కొడుకా" అంది. "బర్రెలను గూడ ఎవరన్న అడిగితే ఇచ్చెయ్యి."

"ఏందమ్మా గట్లంటవు?" బాపు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"గడ్డి మంచిదే, పాలు మంచియే. నా చెయ్యే పోయింది. ఇంట్ల పోరి కడుపే ఖరాబు చేసిన. పచ్చి బాలింతకు గీ చెయ్యితోని ఏం పెట్టను?"

ఆమె తన కుడిచేతిని చీర కొంగులో చుట్టుకుని కూర్చుంది. నాకు ఏడుపొచ్చింది. పక్కన కూర్చుని "నాకేం కాలేదు నాయనమ్మా, మంచిగనే ఉన్న" అన్నాను. అంతలోనే అమ్మ చేసిన మిరపకాయ బజ్జీలు తమ సంగతి గుర్తుచేశాయి, మళ్ళీ దొడ్డిలోకి పరుగు. తిరిగి వచ్చేసరికి నాయనమ్మ చెప్పులు వేసుకుని గుమ్మంలో ఉంది. "నడువ్. చాచా తానికి పోదాం."

చాచా అంటే మా వీధి మందుల దుకాణం ఆయన. నాయనమ్మ కంటే చిన్నవాడే అయినా వీధి మొత్తానికీ చాచా. జరిగిందంతా ఆమె చెబుతుంటే మధ్యలో ఆపకుండా విన్నాడు. చివర్లో, "నా నెయ్యి తిని పోరి గిట్లయింది భాయ్. నీకు తెల్వందేమున్నది, దాసకుండ చెప్పు" అంది. ఆయన నా వైపు తిరిగాడు.

"ఔర్ కుచ్ గోలీ ఖారే క్యా బేటీ? వేరే ఏమన్న గోలీలు తింటున్నవా?"

తల వంచుకుని హ్యాండ్‌బ్యాగులోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చదివాడు. పెదవులు బిగబట్టాడు గాని భుజాలు ఊగుతూనే ఉన్నాయి.

"అమ్మా, మీ నెయ్యిల ఏం ఖరాబీ లేదు. ఈ గోలీ ఉన్నది చూడు, తిన్న నెయ్యిని, నూనెను వంటికి పట్టనియ్యది. ఎట్ల పోయింది అట్లనే బయటికి పంపిస్తది. గంతే."

పట్టీని వెనక్కి లాక్కున్నాను. "అంటే చాచా... అది నా కొవ్వు కాదా?" అని అడిగాను.

"నై బేటీ" అన్నాడు చాలా జాలిగా. "మీ నాయనమ్మ నెయ్యి."

ఒకే మాటకు ఇద్దరం కూలబడ్డాం. నా నడుము ఎక్కడికీ పోలేదని నేను స్టూలు మీద, తన చెయ్యి ఎక్కడికీ పోలేదని ఆమె దుకాణం మెట్టు మీద. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "నా నెయ్యి మంచిదేనంటవా భాయ్?" అని మళ్ళీ మళ్ళీ అడిగింది. "అవ్వల్ నంబర్ అమ్మా, మా ఇంట్ల పండగ సేమియాల గదే పోస్తం" అని ఆమె అడిగినప్పుడల్లా ఆయన చెప్పాడు.

దారిలో తిట్లు మొదలవుతాయని ఎదురుచూశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని అడిగింది.

"లావున్నవని నీకెవరన్నరే?"

"అందరంటరు."

"నేనెప్పుడన్న అన్ననా?"

అనలేదు. ఒక్కసారి కూడా అనలేదు. ఆమె నన్ను చూసిన ప్రతిసారీ నేను సరిగ్గా ఉండాల్సినంతే ఉన్నాను. ఆ సంగతి నాకు ఆ రోడ్డు మీద, ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తుంటే తెలిసింది. "గంత మంచి నెయ్యి, మురికి మోరీల కలిపితివి గదనే" అని మాత్రం ఇల్లు చేరేదాకా గొణుగుతూనే ఉంది.

సేఠ్‌ల ఇంటికి వెంటనే పంపుదామని బాపు అన్నాడు. నాయనమ్మ ఒప్పుకోలేదు. చాచా చెప్పినా సరే, తరీకా తరీకాయే, ఎప్పటి పద్ధతి తప్పకూడదు. గోలీల ప్రభావం పూర్తిగా పోయేదాకా ఆగి, గిన్నె దింపించి, కొత్తగా వెన్న కాచి, మొదటి గంటెడు వేడి అన్నంలో వేసి నా ముందు కూర్చుంది. ముద్ద కలిపి తనే నా నోట్లో పెట్టింది. పొద్దున్నే నేను దొడ్డి దాటి వెళుతుంటే అమ్మ ఊడ్చిన చోటే మళ్ళీ ఊడుస్తోంది, బాపు సైకిలు చక్రాల్లో గాలి నొక్కి చూస్తున్నాడు, నాయనమ్మ బాత్రూమ్ తలుపు దగ్గరే నిలబడింది. లోపల నాకు ఎంత సిగ్గుగా ఉండిందో చెప్పలేను. బయటికి రాగానే ముగ్గురూ నా మొహం వైపే చూశారు.

"మంచిగున్నదా బిడ్డా?"

"మంచిగున్నది నాయనమ్మా."

బాపు డబ్బాలు కట్టాడు. నాయనమ్మ తన కుడి అరచేతిని కళ్ళకద్దుకుంది.

నేను సన్నబడలేదు, ఆ ఆశ కూడా వయసుతో పాటే కరిగింది. తర్వాత ఎన్నో చోట్ల పనిచేశాను, నా మాట విని నిర్ణయాలు తీసుకున్నవాళ్ళూ ఉన్నారు. కానీ నేను చెప్పే ఒక్క మాట కోసం ఒక ఇల్లంతా ఊపిరి బిగబట్టింది మాత్రం ఆ దొడ్డిలోనే. ఇప్పుడు డాక్టరు కొలెస్ట్రాల్ అంటాడు, నేను బుద్ధిగా నెయ్యి తగ్గించాను. పొద్దున్నే తలుపు బయట నిలబడి నా కడుపు సంగతి అడిగే మనిషి ఇప్పుడు లేదు. అప్పట్లో ఆ ప్రశ్నకు ఎంత సిగ్గుపడి చచ్చేదాన్నో తలుచుకుంటే నవ్వొస్తుంది. కొన్ని పొద్దుల్లో తలుపు తీసి, ఎవరూ లేని వరండాలోకి చూసి, ఎవరూ అడగకుండానే మెల్లగా అంటాను. మంచిగనే ఉన్నది నాయనమ్మా.