తోలు అతుకుల దోనె

మా నాయన కపిల బానలు కుట్టేవాడు. బావిలోంచి ఎద్దులతో నీళ్లు తోడే పెద్ద తోలు సంచులవి. చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో బాన చినిగితే రైతులు మా ఇంటికే వచ్చేవాళ్లు. ఎనుము తోలును తంగేడు చెక్క వేసి నానబెట్టిన తొట్ల వాసనలోనే నేను పెరిగాను. ఆ వాసనతోనే బడికి పోయి, టీచరు ట్రైనింగు కూడా పూర్తి చేశాను.

అరవైల మొదట్లో నాకు మొదటి ఉద్యోగం వచ్చింది. మా ఊరి చెరువుకు అవతలి గట్టున ఉన్న పల్లెలో ఒకే టీచరుండే చిన్న బడి. చెరువు ఎప్పుడూ ఎండే ఉండేది కాబట్టి మధ్యలో పడి నడిచిపోతే అరగంట దారి. ఉద్యోగంలో చేరి నెల తిరక్కముందే వానలు మొదలయ్యాయి. అలాంటి వానలను మా తరం అంతవరకు చూడలేదు. వారం రోజుల్లో చెరువు నిండి, ఎక్కువైన నీళ్లు మరవ మీదుగా పొర్లి పారాయి. చుట్టు తిరిగి పోయే బండిదారిని ఆ మరవ నీళ్లే కోసేశాయి. నా బడి అవతల, నేను ఇవతల.

ఊరి పెద్దాయన చెనక్కాయ చేలు కూడా అవతలే ఉన్నాయి. ఆయన తండ్రి ఎప్పుడో చెన్నపట్నం నుంచి పనివాళ్లను పిలిపించి ఒక జంట దోనె చేయించాడు. పలకలతో చేసిన రెండు సన్నటి దోనెలను పక్కపక్కన పెట్టి, అడ్డదూలాలతో కలిపి, పైన చిన్న తెరచాప కట్టేవాళ్లట. చెరువు నిండక ఏళ్లు గడిచేసరికి ఒక దోనె ఎద్దులకు మేత వేసే తొట్టి అయింది. ఇంకొకటి బోర్లా పడి కోళ్లకు నీడ అయింది. రెండింట్లోనూ పలకలు ఎండి, సందుల్లో వేలు దూరేలా ఉన్నాయి.

వడ్లాయన వచ్చి చూసి, తాను బండ్లు చేసేవాణ్ణే గాని పడవలు చేసేవాణ్ణి కాదని వెళ్లిపోయాడు. పెద్దాయన మా ఇంటికి మనిషిని పంపించాడు. నాయనతో నేనూ వెళ్లాను.

"ఏమప్పా, నీళ్లు కారకుండా చేసేది నీ పనే గదా. దీన్ని చూడు" అన్నాడు పెద్దాయన.

నాయన దోనె చుట్టూ రెండుసార్లు తిరిగాడు. "నీళ్లు బయటికి పోకుండా చేసేది నాకు తెలుసు సామీ. లోపలికి రాకుండా చేసేదీ అట్లే ఉంటాదేమో చూస్తా" అన్నాడు.

జనపనారను ఆముదంలో కాచిన గుగ్గిలంలో ముంచి, సందుల్లో ఉలితో దట్టించాడు. ఐదు రోజులు పట్టింది. పని చూసినవాళ్లంతా మెచ్చుకున్నారు. దోనెను చెరువులో దించిన రోజు కట్ట మీద ఊరంతా నిలబడింది. పెద్దాయన ఇంటి జీతగాడు కుర్రతనంలో దాన్ని నడిపినవాడే, అతను గెడ పట్టుకున్నాడు. నాయన అతని పక్కన కూర్చున్నాడు. కాసేపు బాగానే పోయింది. ఆ తర్వాత ఎడమ దోనె మెల్లగా ఒరగడం మొదలైంది. నాయన దట్టించిన నార తాళ్లు తాళ్లుగా బయటికి వచ్చి నీళ్ల మీద తేలింది. నడుములోతు నీళ్లలో ఇద్దరూ నడిచి వచ్చారు. కట్ట మీద ఎవరో ఈల వేశారు. చాలామంది నవ్వారు.

ఇంటికి వచ్చాక నాయన సంగటి ముద్ద ముట్టలేదు. మరుసటి రోజు పొద్దున్నే చెరువు దగ్గర కూర్చుని ఉంటే నేను వెళ్లి పక్కన కూర్చున్నాను.

"నాయనా, పోనీలే. మరవ తగ్గినాక బండిదారిలో పోతాను."

"అది కాదమ్మా. ఎండిన తోలుకు నేనెప్పుడన్నా సూది పెట్టినానా? నానబెట్టందే తోలు పొడిచే ఆరె ముట్టను గదా. ఈ చెక్క ఏండ్లుగా ఎండిండాది. నీళ్లు తాగి ఉబ్బినాక నా నారను బయటికి నెట్టేసింది. తొందరపడినా."

ఆ రోజే రెండు దోనెలనూ విడదీసి, రాళ్లు నింపి, గట్టు పక్కన ముంచేశాడు. ఎనిమిది రోజులు అట్లాగే వదిలేశాడు. పైకి తీస్తే సందులు చాలావరకు వాటంతటవే మూసుకుపోయాయి. అప్పుడు వాటిని రాళ్ల మీదికి ఎత్తించి, లోపల నిండా నీళ్లు పోయమన్నాడు. బానకు చిల్లి ఎక్కడుందో ఆయన చూసే పద్ధతి అదే. మా వీధి ఆడవాళ్లు కడవలతో మోశారు.

"అబ్బా, దోనెలో నీళ్లు రాకూడదంటే మనమే పోస్తాండామే!" అని ఒకామె నవ్వితే అందరూ నవ్వారు. ఈసారి నాయన కూడా నవ్వాడు.

నేను దోనె కింద వెల్లకిలా పడుకుని, చుక్క రాలిన చోటల్లా సున్నంతో గుర్తు పెట్టాను. "యాడ?" అని నాయన పైనుంచి అడగడం, "ఈడ" అని నేను చెప్పడం. నా మొహమంతా సున్నమూ నీళ్లూ. మొత్తం పదకొండు గుర్తులు. ఒక్కోదాని మీద కొవ్వు పట్టించిన తోలు ముక్క పెట్టి, అంచుల చుట్టూ దగ్గరదగ్గరగా చిన్న మొలలు కొట్టాడు. చెక్క మళ్లీ ఎండకుండా లోపల తడిగోనెలు పరిచాడు.

తోలు చూసి ఊళ్లో ఒకరిద్దరు ముక్కు మూసుకున్నారు. అంటరాని చేతుల తోలు వేసిన దోనె ఎక్కడమేమిటని పెద్దాయనను అడిగారు. ఆయన గట్టిగానే అన్నాడు: "ఇన్నేండ్లు మీ మళ్లలో పారింది ఆ తోలు నీళ్లే గదప్పా. ఆ వడ్ల బువ్వ తినేటప్పుడు గుర్తు రాలేదా? ఎక్కేవాళ్లు ఎక్కండి, లేదంటే ఈదుకుంటా పోండి." ఆయన మా వాళ్ల పక్షాన మాట్లాడగా నేను విన్నది ఆ ఒక్కసారే. చేలు అవతల ఉన్నాయి కాబట్టే అలా అన్నాడేమో కూడా. అయినా ఆ మాట విన్నప్పుడు నాయన తల పైకెత్తడం చూశాను.

రెండు దోనెలనూ మళ్లీ అడ్డదూలాలతో కలిపి రెండోసారి దించినప్పుడు నేను కూడా ఎక్కాను. నాయన చెప్పులు విప్పి, అరికాళ్లు అడుగు పలక మీద ఆనించి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తడి తగులుతుందేమోనని ఆయన కాళ్లతో వింటున్నాడు. అవతలి గట్టు దగ్గరపడింది. నా బడి పిల్లలు గట్టు మీద అరుస్తూ పరుగెత్తుతున్నారు. దోనె ఇసుకకు తగిలాక నాయన కళ్లు తెరిచి, "పోమ్మా, బడికి టైమయిండాది" అన్నాడు.

ఆ తర్వాత చెనక్కాయ మూటలూ, బత్తలపల్లె సంతకు పోయే ఆడవాళ్లూ, ముక్కు మూసుకున్నవాళ్లూ అందరూ ఆ దోనె మీదనే దాటారు. పని లేకపోయినా నాయన రోజూ నాతో వచ్చేవాడు. అతుకులు చూసుకోవాలనేవాడు. మామూలుగా మేమిద్దరం ఎక్కువ మాట్లాడుకునేవాళ్లం కాదు. ఆ నీళ్ల మీద మాత్రం ఆయన తన చిన్నతనం చెప్పేవాడు, నేను ట్రైనింగులో నేర్చుకున్న పాటలు పాడేదాన్ని.

మరుసటి ఎండాకాలానికి చెరువు బురదగుంట అయింది. కొన్నాళ్లకు నన్ను కదిరి వైపు బడికి మార్చారు. ఆయిల్ ఇంజన్లు వచ్చి కపిల బానలు మూలపడ్డాయి. నాయన చివరి రోజుల వరకు చెప్పులు కుట్టాడు.

దోనె నడిచిన కాలంలో ఒక మధ్యాహ్నం ఇంకా కళ్లకు కట్టినట్టుంది. బడి నుంచి తిరిగి వస్తుంటే పడమటి గాలి లేచింది. జీతగాడు గెడ పక్కన పెట్టి, బండి గుడారం గుడ్డతో కుట్టిన తెరచాప ఎత్తాడు. దోనె ఒక్కసారిగా ముందుకు దూకింది. నీళ్లు రెండు దోనెల మధ్య నుంచి ఎగిరి మా మొహాల మీద పడ్డాయి. నాయన రెండు చేతులతో అడ్డదూలం పట్టుకుని, "పోతాండాది సూడమ్మా, పోతాండాది!" అని అరిచాడు. అప్పటికి ఆయనకు యాభై ఏళ్లు దాటి ఉంటాయి. ఇంటికి పోయాక కూడా చాలాసేపు తల తుడుచుకోలేదు.