లంగాలో పడిన బంతి

నా చిన్నప్పుడు మా బీడీ కార్మికుల కాలనీ విడీ ఘర్కుల్‌లో మగపిల్లలు ఫుట్‌బాల్ ఆడుతుంటే, గోల్‌లో నిలబడటానికి ఎవరూ ముందుకొచ్చేవారు కాదు. గోల్ పడితే తిట్లన్నీ అక్కడున్నవాళ్లకే కదా! అలా ఆ చోటు ఆడపిల్లనైన నాకు దక్కింది. నేను మాత్రం మురిసిపోయాను. బీడీల చాట ముందు నుంచి లేచి ఊపిరి పీల్చుకునేది రోజు మొత్తంలో ఆ కాసేపే.

అమ్మ ఒకే ఒక్క షరతు మీద ఒప్పుకుంది. వేళ్లకు దెబ్బ తగలకూడదు. ఒక్క వేలు బెణికినా బీడీ చుట్టడం కుదరదు, ఆ రోజుతో నా ఆట బంద్. అందుకని నేనో ఉపాయం కనిపెట్టాను. బంతి వస్తుంటే లంగా అంచులు రెండు చేతులతో పట్టి చాపి, ఒళ్లో బీడీ ఆకు పట్టినట్టు బంతిని పట్టేసేదాన్ని. వేళ్లు భద్రం, బంతీ భద్రం. మా జట్టువాళ్లు నన్ను తెగ మెచ్చుకునేవారు.

ఒక ఆదివారం అశోక్ చౌక్ పిల్లలు మాతో పోటీకి వచ్చారు. విజిల్ మా పక్కింటి అక్క చేతిలో ఉంది. అక్క కాలేజీలో ఆటల మేడం దగ్గర రిఫరీ పని నేర్చుకుంటోంది. తన సొంత తమ్ముడు మా జట్టులోనే ఉన్నా, అక్క పక్షపాతం చూపదని అవతలివాళ్లకు కూడా నమ్మకమే. ఆట ముగింపుకొచ్చింది. మేం ఒక గోల్ ముందున్నాం. వాళ్లలో ఒక పొడుగు పిల్లాడు గురి చూసి తన్నాడు. బంతి వచ్చి నా లంగాలో పడింది.

"ఏ, చీటింగ్! గిది నహీ చలేగా! పోరిని బయటికి పంపుండ్రి, పెనాల్టీ ఇయ్యుండ్రి" అని వాళ్లు మీదికొచ్చారు. లంగా ఒంటి మీది బట్టే కదా అని మావాళ్లు ఎదురు వాదించారు. ఇవాళ బయటికి పంపితే నన్ను మళ్లీ ఆటకు పిలిచేవాడు ఉండడు.

అక్క విజిల్ ఊది అందరి నోళ్లూ మూయించింది.

"ఫౌలే" అంది. నా మొహం మాడిపోయింది. "గోల్‌కీపర్ చేతులతోని పట్టొచ్చు. బట్ట పరిచి పట్టుడు నడవది. గానీ పెనాల్టీ గాదు, పోరి బయటికి పోదు. రూల్స్ రాసినోళ్లు నిక్కర్లేసుకున్నోళ్లు, లంగా సంగతి ఆళ్లకేం ఎర్క? బాల్ గీడనే పెట్టి మీరు కొట్టుండ్రి. సీదా కొడితె గోల్ గాదు, ముందుగాల ఇంకొకలకు తగలాలె."

తర్వాత నా దగ్గరికొచ్చి మోకాళ్ల మీద కూర్చుంది. "లంగాల ఎందుకు పడుతున్నవే?" అని మెల్లగా అడిగింది. ఏడుపు ఆపుకుంటూ వేళ్ల సంగతి చెప్పాను. తనూ బీడీలు చుట్టే ఇంటి పిల్లే, సంగతి వెంటనే అర్థమైంది. భుజం మీది పాత టవల్‌ను పీలికలుగా చింపి, నా వేళ్లు రెండేసి కలిపి చుట్టింది. లంగాను మరాఠీ ఆడవాళ్ల చీరలా కాళ్ల మధ్య నుంచి కచ్చ పోసి బిగించింది. అవతలివాళ్లు గొణిగితే, "పిల్ల తయారు గాంది ఆట షురూ గాదు" అంది.

ఒకడు బంతిని పక్కకు నెట్టాడు, పొడుగు పిల్లాడు తన్నాడు. నేను రెండు చేతులూ అడ్డం పెట్టాను. బంతి చేతులకు తగిలి, జారి, లోపలికి పోయింది. అక్క గోల్ విజిల్ ఊదింది. ఆట సమమైంది. నేను మాత్రం పది వేళ్లూ ఆడించి చూసుకుంటున్నాను. ఒక్కటీ బెణకలేదు!

ఆ సాయంత్రం అమ్మ ఒక్కో వేలూ నొక్కి చూసి, చాట నా ముందుకు జరిపింది. మరుసటి ఆదివారం మా జట్టు పిల్లలే నా వేళ్లకు చుట్టడానికి ఇళ్లలోంచి పాత టవల్ ముక్కలు పట్టుకొచ్చారు.

ఇప్పుడు నా దగ్గరికి ఆడపిల్లలు కుట్టుపని నేర్చుకోవడానికి వస్తారు. ఎవరైనా అడ్డదారిలో పని కానిస్తే నేను ఊరుకోను, తప్పని మొహం మీదే చెప్పేస్తాను. అక్క పుణ్యమా అని, చెప్పాక మాత్రం వాళ్ల పక్కన కూర్చుని ముందు వాళ్ల వేళ్ల వైపు చూస్తాను.