సముద్రానికి మూడు రోజులు

ఆ రోజుల్లో కాలం సూట్‌కేసు లాంటిదని, మోకాలు పెట్టి నొక్కితే ఎంతైనా పడుతుందని నా నమ్మకం. పరీక్షలకు అలాగే చదివాను. పెళ్ళిళ్ళకు అలాగే వెళ్ళాను (ఒకే ముహూర్తానికి ద్రాక్షారామంలో ఒకటి, మండపేటలో ఒకటి ఉంటే రెండు చోట్లా భోజనం చేసి, రెండు చోట్లా ఫొటోలో పడిన ఘనత నాది). అందుకని రాజమండ్రిలో ప్రభుత్వోద్యోగం వచ్చి, మరుసటి వారం సోమవారం ఉదయం పదింటికి చేరమని ఆర్డరు చేతికందినప్పుడు, అందరిలా కొత్త చీరలు కొనుక్కోకుండా, ఈ మధ్యలో అండమాన్ వెళ్ళి స్కూబా డైవింగ్ నేర్చుకుని వచ్చేస్తానని ఇంట్లో ప్రకటించాను. వీపుకి గాలి సిలిండరు కట్టుకుని, నోట్లో గొట్టం పెట్టుకుని సముద్రంలోకి దిగే విద్య అది. మా రామచంద్రపురం కాలవలో ఈత నేర్చుకున్నదాన్ని నేను. నీళ్ళలో మునిగి కళ్ళు తెరిచిన ప్రతిసారీ ఎర్రమన్ను తప్ప ఏమీ కనబడేది కాదు, నా చెయ్యి నాకే కనబడేది కాదు. అడుగు కనిపించే నీళ్ళు జీవితంలో ఒక్కసారి చూడాలని చిన్నప్పటినుంచీ ఉండిపోయింది.

అండమాన్లోని హేవ్‌లాక్ ద్వీపంలో ఒక శిక్షణ కేంద్రానికి ఫోన్ చేస్తే అదృష్టవశాత్తూ తెలుగావిడే పలికింది. భీమిలి ఆవిడట. "మొదటి సర్టిఫికెట్టుకి ఎన్ని రోజులు పడుతుందండి?" అన్నాను. "మూడు రోజులండి. పాఠాలు ఫోన్లోనే చదువుకుని రావచ్చు. ఇక్కడ ఒక రోజు లోతులేని నీళ్ళలో సాధన, తర్వాత రెండు రోజుల్లో నాలుగుసార్లు సముద్రంలో దిగడం. కానీ ఐదు రోజులు పెట్టుకుని రండి. చెవులు మాట వినాలి, గాలి మాట వినాలి. ఇంకోటండీ, చివరిసారి పైకొచ్చాక ఒక రోజు గడిస్తేగానీ విమానం ఎక్కకూడదు" అంది. మూడు అన్న మాట విన్నాక మిగతాదంతా నేను మర్యాదకు విన్నాను. బుధ, గురు, శుక్రవారాలు శిక్షణ, శనివారం విమానం, ఆదివారం ఇల్లు, సోమవారం ఆఫీసు. ఇంకా ఆదివారం సాయంత్రం తలంటుకోవడానికి కూడా టైం మిగిలింది.

"ఒక్కదాన్నే పంపను" అని అమ్మ అడ్డం పడింది. అప్పుడు మా పిన్ని ముందుకొచ్చింది. పిన్ని హైస్కూల్లో లెక్కల టీచరు, ఆదివారాలు చర్చిలో పాటలు పాడే క్వయర్‌కి పెద్ద దిక్కు. "నేను ఒడ్డున గొడుగు కింద కూర్చుని పేపర్లు దిద్దుకుంటాలే అక్కా, దీన్ని మునగనివ్వను" అని అమ్మకి మాటిచ్చింది. తీరా చెన్నై రైల్లో నేను పాఠాలు చదువుతూ నీళ్ళ ఒత్తిడి లెక్క దగ్గర ఆగిపోతే, పిన్ని ఫోన్ లాక్కుని, "ఇదేంటే, తొమ్మిదో తరగతి లెక్క! లోతు పెరిగేకొద్దీ గాలి కుంచించుకుపోతుంది, అంతే కదా" అని మొదలుపెట్టి, గూడూరు దాటేసరికి పాఠాలన్నీ పూర్తి చేసేసింది. ద్వీపంలో దిగగానే భీమిలి మేడం, "పాఠాలు అయిపోయాక ఒడ్డున కూర్చోవడం ఏంటండీ, మీరూ దిగండి" అంది. పిన్ని నావైపు చూసి, "మీ అమ్మకి చెప్పకు" అంది.

బుధవారం నడుం లోతు నీళ్ళలో సాధన. కళ్ళద్దాల ముసుగులోకి కావాలనే నీళ్ళు రానిచ్చి, ముక్కుతో గాలి ఊది వాటిని బయటికి పంపాలి. పిన్ని మొదటిసారికే చేసేసింది. నేను మాత్రం నీళ్ళు ముక్కుకి తగలగానే గబాల్న పైకి లేచి నిలబడేదాన్ని. నడుం లోతు నీళ్ళలో దగ్గుతూ, కేకలు పెడుతూ మునిగిపోతున్న మనిషిని చూసి ఒడ్డున కొబ్బరిబోండాం తాగుతున్న వాళ్ళు బోండాం కింద పెట్టి మరీ చూశారు. సాయంత్రానికి ఎలాగో గట్టెక్కాను. గురువారం పడవ మీద వెళ్ళాం. తాడు పట్టుకుని దిగుతూ, ముక్కు మూసుకుని ఊదుకుంటూ చెవులు సర్దుకోవాలి. పిన్ని చెవులు మాట విన్నాయి, నావి వినలేదు. రెండు మీటర్లు దిగేసరికి చెవిలో సూది గుచ్చినట్టు నొప్పి. పైకి, కిందికి, పైకి. ఆ రోజంతా నేను తాడుకి వేలాడుతుంటే, మా పిన్ని బుడగలు మాత్రం ఎక్కడో అడుగునుంచి నా మొహం మీదుగా పైకి పోయాయి. రెండుసార్లు దిగి వచ్చి పడవలో కూర్చున్న మనిషిని "ఏం చూశావు పిన్నీ?" అని అడిగితే, తడి చెంగుతో మొహం తుడుచుకుంటున్నట్టు తువ్వాలుతో చాలాసేపు తుడుచుకుంది.

శుక్రవారం గాలి లేచింది. పడవలు కదలవన్నారు. నా కాలం సూట్‌కేసు మూత ఆ రోజే ఊడింది.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర పిన్ని, "బట్టలు సర్దు. రేపు విమానం. నీ ఉద్యోగం ముఖ్యం" అంది. మామూలుగానే అంది కానీ సముద్రం వైపు చూడకుండా అంది. లెక్క ఆవిడకీ తెలుసు. శనివారం గాలి తగ్గితే ఆవిడకి మిగిలిన రెండు డైవులూ అయిపోతాయి, సర్టిఫికెట్టు వస్తుంది. నాకు ఎలాగూ రాదు. కానీ శనివారం నీళ్ళలో దిగితే ఆదివారందాకా విమానం ఎక్కకూడదు. ఆదివారం మధ్యాహ్నం విమానం, రాత్రి చెన్నైలో రైలు. రైలు ఆలస్యమైతే నా ఉద్యోగం గోదాట్లో కలుస్తుంది.

"నలభై ఆరేళ్ళు వచ్చాయి, ఇప్పుడు నాకెందుకే ఇదంతా" అంది పిన్ని. నాకు ఎక్కడలేని పౌరుషం వచ్చింది. "ఉండిపోదాం పిన్నీ. నేనూ రేపు కనీసం అడుగు చూసి వస్తాను" అని అక్కడికక్కడే టిక్కెట్లు మార్చేశాను. రెండుసార్లు తప్పు తేదీ నొక్కాను.

శనివారం తెల్లారేసరికి సముద్రం ఇస్త్రీ చేసినట్టుంది. భీమిలి మేడం నా ఎదురుగా తాడు పట్టుకుని, కంగారు పడకమన్నట్టు అరచేయి చూపించింది. కొంచెం దిగడం, ఆగడం, ఊదుకోవడం. ఎప్పుడో తెలియదు, చెవిలో చిన్నగా టిక్కుమంది. నొప్పి పోయింది. తాడు వదిలేశాను.

ఇది రాయడానికి ఇన్నాళ్ళు ఎందుకు పట్టిందో ఇక్కడికొచ్చాక తెలుస్తోంది. నా కింద, బాగా లోతున, ఇసుక మీద నా నీడ కనిపించింది. ఎండ నీళ్ళలోకి దిగి, వెలుగు వలలా అల్లుకుని అడుగంతా కదులుతోంది. నేను పడిపోవడం లేదు, తేలడం లేదు, అలా ఉన్నాను. నా ఊపిరి తప్ప వేరే చప్పుడు లేదనుకున్నాను. కాసేపటికి పటపటమని ఇంకేదో వినిపించింది. ఆకుపచ్చ చేపల గుంపొకటి పగడపు రాళ్ళని జంతికలు కొరికినట్టు కొరుక్కుతింటోంది, ఆ నమిలే చప్పుడు అది! పసుపు చారల చేప పిల్లలు నా ముసుగు ముందుకొచ్చి నన్ను చూసిపోయాయి. ఒక తాబేలు, మా వీధిలో పెన్షనుకి వెళ్ళే పెద్దాయనలాగా తొందరేమీ లేకుండా, మమ్మల్ని పట్టించుకోకుండా మా మధ్యనుంచి వెళ్ళింది. పక్కకి చూస్తే పిన్ని నిటారుగా, కదలకుండా, చర్చిలో నిలబడ్డట్టే చేతులు కట్టుకుని నిలబడి ఉంది, కాళ్ళ కింద ఏమీ లేకుండా. ఆమె బుడగలు ఎంత నెమ్మదిగా వస్తున్నాయో! ఏళ్ళ తరబడి పాడిన ఊపిరి మరి. నాకు ఏడుపొచ్చింది. ముసుగులోకి నీళ్ళొస్తే ఏం చేయాలో బుధవారం నేర్పారు గానీ, లోపలే పుడితే ఏం చేయాలో నేర్పలేదు. అదే పని చేశాను. ఊదాను. పోయాయి.

పైకొచ్చాక పిన్ని మొదటిమాటగా, "వీటన్నిటినీ ఇక్కడ పెట్టి, మనకి కనబడకుండా దాచాడు చూడవే దేవుడు" అంది. రెండోసారి కూడా దిగాం. ఆవిడకి సర్టిఫికెట్టొచ్చింది. నేను సగం కోర్సుతో మిగిలాను.

రైలు ఆలస్యమైంది, ఎందుకు కాదు? నిడదవోలులో ఊరికే ఆగింది. అక్కడినుంచి రాజమండ్రిదాకా నేను నిలబడే వచ్చాను, నిలబడితే బండి త్వరగా పోతుందన్నట్టు. గోదావరి వంతెన మీద పిన్ని అలవాటుగా తల వంచి నీళ్ళకేసి చూసింది, నేను గడియారం కేసి చూశాను. స్టేషన్లో దిగి, బ్యాగులు పిన్ని మీద పడేసి, నలిగిన చీరతో ఆటోలో ఆఫీసుకి పరుగెత్తాను. పదింటికి గుమ్మంలో ఉన్నాను.

లోపల పెద్దసారు రిజిస్టరు ముందుకి తోశారు. వంగి సంతకం పెడుతుంటే ముక్కులోంచి బొటబొటా నీళ్ళు కారి సరిగ్గా నా పేరు మీద పడ్డాయి. డైవింగ్ చేసినవాళ్ళకి తలలో ఎక్కడో దాక్కున్న నీళ్ళు తర్వాతెప్పుడో ఇలా బయటికొస్తాయట. ఆ సంగతి అప్పటికి నాకు తెలియదు.

"ఏంటమ్మా, జలుబా?" అన్నారాయన.

"కాదండి. అండమాన్ సముద్రమండి" అన్నాను. కంగారులో నిజం తప్ప ఇంకేమీ నోటికి రాలేదు.

సెక్షన్‌లో అందరూ తలెత్తారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగారు: "అడుగుదాకా వెళ్ళావా? ఎలా ఉంటుందమ్మా అక్కడ?"

చెప్పబోయాను. నీలంగా ఉంటుందని మొదలుపెట్టి, కాదని, తెల్లగా అని, చేపలు నములుతాయని, చేతులు తిప్పి ఏదో చూపించబోయి ఆగిపోయాను.

"ఎంతసేపున్నావు లోపల?" అన్నారాయన.

"తెలీదండి" అన్నాను.

ప్రతి పనికీ ఎంతసేపు పడుతుందో ముందే చెప్పగల నాలోని ఆనాటి పిల్ల, తడిసిన సంతకం ముందు నిలబడి, నోరు తెరుచుకుని "తెలీదండి" అనడం నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. పాపం, ఎంత కంగారుగా పరుగెత్తుకొచ్చిందో. ఇంకో రెండు రోజులు ఉండి రావలసింది.